పదహారేళ్ళ సీఎన్ఏ: సర్టిఫికెట్ వచ్చాక మొదలైన వయసు ప్రశ్నలు

ఈ కేస్ కాలిఫోర్నియాలోని ఒక స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీది, అంటే ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళు ఉండి సేవలు పొందే నర్సింగ్ హోంది. అలా ఉండేవాళ్ళని రెసిడెంట్లు అంటాం. అక్కడ నేను డైరెక్టర్ ఆఫ్ స్టాఫ్ డెవలప్‌మెంట్‌గా పని చేస్తున్నాను. అందరూ డీఎస్డీ అంటారు. కొత్తగా చేరిన సీఎన్ఏలకు ఓరియంటేషన్ ఇవ్వడం, ఏడాది పొడుగునా ఇన్‌సర్వీస్ క్లాసులు నడపడం, వాళ్ళ సర్టిఫికెట్లు, స్కిల్స్ చెక్‌లిస్టులు చూసుకోవడం నా బాధ్యత. సీఎన్ఏ అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్. రెసిడెంట్లకు స్నానం చేయించడం, పళ్ళు తోమడం, డైపర్ మార్చడం, అన్నం తినిపించడం, మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చడం, బీపీ, టెంపరేచర్ చూడటం ఈ ఉద్యోగం. నర్సు కంటే, డాక్టర్ కంటే రెసిడెంట్ దగ్గర ఎక్కువసేపు ఉండేది సీఎన్ఏనే.

"మా పిల్లకి పదహారు నిండాయి, సీఎన్ఏ చెయ్యొచ్చా?" అని ఇక్కడి తెలుగు కుటుంబాలు తరచూ అడుగుతుంటాయి. చెయ్యొచ్చు. కానీ ఆ ఒక్క మాటతో వదిలేస్తే పిల్లలు ఇబ్బంది పడతారు. ట్రైనింగ్‌లో చేరే వయసు, సర్టిఫికెట్ ఇచ్చే వయసు, జీతానికి ఏ గంటల్లో పని చేయాలన్న వయసు, ఫలానా యంత్రం ముట్టుకునే వయసు, ఇవన్నీ వేరు వేరు చట్టాల్లో ఉన్నాయి. మన దగ్గర ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలంటే ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండాలి. వయసు చూసేది అడ్మిషన్ దగ్గరే, తర్వాత ఎవరూ అడగరు. అక్కడ చదువుకుని వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడా అంతే అనుకోవడం సహజం.

కేస్

అమ్మాయి హైస్కూల్లో జూనియర్ ఇయర్, అంటే మన ఇంటర్ ఫస్టియర్ ఈడు. ఇక్కడే పుట్టింది. స్కూల్ ద్వారా నడిచే ఆర్ఓపీ (వృత్తి శిక్షణ) నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో చేరి, రెసిడెంట్ల దగ్గర ప్రాక్టికల్స్ అంటే క్లినికల్స్‌కి మా ఫెసిలిటీకే వచ్చేది. పరీక్ష పాసై, సర్టిఫికెట్ చేతికొచ్చాక మా దగ్గరే ఉద్యోగానికి అప్లై చేసింది. గుర్తు పట్టే వివరాలన్నీ వదిలేశాను. అమ్మాయి, వాళ్ళమ్మ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

అమ్మాయి నాన్నగారికి మొదట్లో మెడికల్ కాలేజీ అప్లికేషన్‌లో క్లినికల్ అవర్స్ కనిపిస్తే చాలు. అమ్మాయి ఆలోచన వేరు. వాళ్ళ తాతగారు నెల్లూరులో పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు సెలవులకి వెళ్ళి, చూసుకునే మనిషి ఎలా తిప్పుతున్నాడో, ఎలా తినిపిస్తున్నాడో దగ్గరుండి చూసిందట. ఇంటర్వ్యూలో ఆ విషయం చెప్పింది. ఆ జవాబు నాకు నచ్చింది.

సర్టిఫికెట్ దాకా

నర్సింగ్ హోముల్లో నర్స్ ఎయిడ్‌లకు, అంటే సీఎన్ఏల్లాంటివాళ్ళకు, తప్పనిసరిగా శిక్షణ ఉండాలని అమెరికా కేంద్ర ప్రభుత్వం చట్టం చేసింది 1987లో. ఆ చట్టాన్ని ఓబ్రా అంటారు. దాని ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ, అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేతులతో చేసే ప్రాక్టికల్. రెసిడెంట్‌ని ముట్టుకోకముందే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, భద్రత, మాట తీరు, రెసిడెంట్ల హక్కుల మీద 16 గంటల పాఠాలు పూర్తవ్వాలి. ఆ తర్వాత పరీక్ష, రాష్ట్ర రిజిస్ట్రీలో పేరు. ఆ శిక్షణ నిబంధనల్లో కనీస వయసు లేదు. వయసు సంగతి రాష్ట్రాలకు వదిలేశారు.

కాలిఫోర్నియా చట్టంలో 16 అని స్పష్టంగా ఉంది. శిక్షణ మాత్రం కేంద్రం అడిగిన దానికి రెట్టింపు దాటింది: 60 గంటలు క్లాసు, 100 గంటలు క్లినికల్, మొత్తం 160. దానికి తోడు వేలిముద్రలిచ్చి క్రిమినల్ రికార్డు క్లియరెన్స్ తెచ్చుకోవాలి. ఇల్లినాయి చట్టం కూడా 16 అనే అంటుంది. ఫ్లోరిడాలో కోర్సు చేయకుండా నేరుగా పరీక్ష రాసే దారి ఒకటుంది, దానికి హైస్కూల్ డిప్లొమా గానీ 18 ఏళ్ళు గానీ ఉండాలి. ఒక రాష్ట్రంలో బంధువులు చెప్పింది ఇంకో రాష్ట్రంలో పనికొస్తుందని అనుకోవద్దు. మీ రాష్ట్ర రిజిస్ట్రీకి ఫోన్ చేసి అడగండి. ఇంకోటి, రాష్ట్రం 16 అన్నా చాలా హాస్పిటళ్ళు తమ పాలసీ ప్రకారం 18 నిండినవాళ్ళనే తీసుకుంటాయి. పదహారేళ్ళ పిల్లలకు దారి ఎక్కువగా నర్సింగ్ హోముల్లోనే తెరుచుకుంటుంది.

ఈ అమ్మాయికి ఇక్కడిదాకా ఏ చిక్కూ రాలేదు. పదహారు నిండిన కొన్ని నెలలకే రిజిస్ట్రీలో పేరు ఎక్కింది. ఆ సర్టిఫికెట్‌కీ నలభై ఏళ్ళ సీఎన్ఏ సర్టిఫికెట్‌కీ తేడా ఏమీ ఉండదు. చిక్కు అక్కడే మొదలవుతుంది. రిజిస్ట్రీలో చూసుకునే షెడ్యూలర్‌కి యాక్టివ్ అన్న మాటే కనిపిస్తుంది.

షిఫ్టులు

నర్సింగ్ హోముల్లో రోజు మూడు షిఫ్టులు. మా దగ్గర పొద్దున 7 నుంచి 3, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11, రాత్రి 11 నుంచి పొద్దున 7. కాలిఫోర్నియా లేబర్ చట్టం 16, 17 ఏళ్ళ విద్యార్థులకు పెట్టిన హద్దులు ఇవి: స్కూలున్న రోజు 4 గంటలు, సెలవు రోజు గానీ సెలవుకు ముందు రోజు గానీ 8 గంటలు, వారానికి 48 గంటలు. పొద్దున 5కి ముందు, రాత్రి 10 తర్వాత పని ఉండకూడదు. మర్నాడు సెలవైతే రాత్రి 12:30 దాకా ఉండొచ్చు.

ఇప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సోమవారం నుంచి గురువారం దాకా మధ్యాహ్నం షిఫ్టు కుదరదు. 8 గంటలుంటుంది, పైగా 11కి ముగుస్తుంది. నైట్ షిఫ్టు ఊసే లేదు. మిగిలేవి శుక్రవారం మధ్యాహ్నం, శనివారం పొద్దున గానీ మధ్యాహ్నం గానీ, ఆదివారం పొద్దున. మధ్యాహ్నం షిఫ్టుకే మాకు మనుషులు దొరకరు, అందుకే షెడ్యూలర్ ముందు ఆ అమ్మాయిని మంగళ, గురువారాల్లో వేసింది. షెడ్యూల్ బయటికి వెళ్ళకముందే ఆపి, శనివారం పొద్దున, నెలలో రెండు శుక్రవారాలు అని రాయించాను.

వర్క్ పర్మిట్ ఇంకో మెట్టు. ఇక్కడ 18 లోపు విద్యార్థి ఉద్యోగంలో చేరాలంటే యజమాని, తల్లి లేదా తండ్రి, విద్యార్థి సంతకాలు పెట్టిన ఫారం స్కూలుకి ఇవ్వాలి, స్కూలు పర్మిట్ ఇవ్వాలి. వేసవి సెలవుల్లోనూ పర్మిట్ ఉండాలి. కొత్త విద్యా సంవత్సరం మొదలైన ఐదు రోజులకు పాతది చెల్లదు. చదువు గానీ ఆరోగ్యం గానీ దెబ్బతింటోందనిపిస్తే స్కూలు దాన్ని రద్దు చేయొచ్చు. పర్మిట్ ఎప్పుడు ముగుస్తుందో సర్టిఫికెట్ తేదీ పక్కనే రాసి పెట్టాలని మా హెచ్ఆర్‌కి చెప్పాను. సర్టిఫికెట్ రెండేళ్ళు ఉంటుంది, పర్మిట్ ఆగస్టుతో అయిపోతుంది. రెండోది ఎవరికీ గుర్తుండదు.

లిఫ్ట్

ఈ కేస్ రాయడానికి అసలు కారణం ఇదే.

నిలబడలేని రెసిడెంట్‌ని మంచం మీంచి కుర్చీకి మార్చేందుకు కరెంటుతో పని చేసే లిఫ్ట్ వాడతాం. ఏ కంపెనీదైనా ఫ్లోర్‌లో అందరూ హోయర్ అనే పిలుస్తారు. స్లింగ్‌ని, అంటే మోసే గుడ్డని, మనిషి కిందకి తోసి, కొక్కేలకు తగిలించి, బటన్ నొక్కితే మనిషి గాల్లోకి లేస్తాడు. కొక్కెం ఒకటి సరిగా పడకపోతే, స్లింగ్ సైజు తప్పైతే మనిషి జారిపోతాడు. ఎనభై ఏళ్ళ ఎముక అలా పడితే తుంటి విరగడమే.

అమెరికా కేంద్ర కార్మిక చట్టంలో 18 లోపువాళ్ళు చేయకూడని ప్రమాదకర పనుల జాబితా ఉంది. అందులో 7వది కరెంటుతో నడిచే ఎత్తే యంత్రాల గురించి. 2010 జూలైలో అమల్లోకి వచ్చిన సవరణతో పేషెంట్ లిఫ్టులు కూడా దాని కిందకి వచ్చాయి. పదహారేళ్ళ సీఎన్ఏలున్న ఫెసిలిటీలన్నీ ఇబ్బంది పడ్డాయి. ఏడాది తర్వాత, 2011 జూలైలో, కార్మిక శాఖ కొన్ని షరతులు పెట్టి సడలింపు ఇచ్చింది. 16, 17 ఏళ్ళ పిల్లలు 75 గంటల శిక్షణ, పరీక్ష పూర్తి చేసి ఉండాలి. ఆ లిఫ్ట్ మీద విడిగా ట్రైనింగ్ తీసుకోవాలి. ఒంటరిగా వాడకూడదు. 18 నిండిన, ట్రైనింగ్ ఉన్న మనిషి పక్కనుండాలి. మనిషి లేని ఖాళీ లిఫ్ట్‌ని తెచ్చి సిద్ధం చేయొచ్చు, వీల్‌చెయిర్‌ని సరిగ్గా కిందకి తెచ్చి పెట్టొచ్చు, పక్కన నిలబడి కనిపెట్టుకుని ఉండొచ్చు, స్లింగ్ తగిలించడంలో పెద్దవాళ్ళకు సాయం చేయొచ్చు. రెసిడెంట్‌ని తమంతట తాము తిప్పడం, తోయడం, లాగడం చేయకూడదు.

ఆ షరతులు చదివితే రాసినవాళ్ళు ఫ్లోర్‌ మీద పని చూశారని అర్థమవుతుంది. మేం వాటిని సింపుల్ ఇంగ్లిష్‌లో ఒక పేజీకి కుదించి అమ్మాయి చేతికిచ్చాం, ఛార్జ్ నర్సుల (షిఫ్టు బాధ్యత చూసే నర్సుల) బైండర్లోనూ పెట్టాం. చేతితో పంప్ చేసే లిఫ్ట్ ఆ నిబంధనలోకి రాదు, అయినా దానికీ అదే రూలు పెట్టాను. రెసిడెంట్ పడితే కరెంటు ఉందా లేదా అన్నది తేడా చేయదు.

ఒక శనివారం ఒకరు సిక్ కాల్ చేశారు. డయాలసిస్‌కి వెళ్ళొచ్చి అలసిపోయిన ఒక రెసిడెంట్ వీల్‌చెయిర్లో కూర్చుని మంచం ఎక్కించమని కాల్ లైట్ నొక్కుతూనే ఉన్నారు. అమ్మాయితో ఉండాల్సిన సీఎన్ఏ లంచ్‌లో ఉంది. స్టాఫింగ్ ఏజెన్సీ నుంచి ఆ ఒక్కరోజుకే వచ్చిన నర్సు, "నీకు హోయర్ వచ్చుగా, నువ్వే ఎక్కించెయ్, నేను వాకిట్లో ఉంటా" అంది. అమ్మాయి, "నాకు 18 నిండలేదు, ఇంకొకరు కావాలి" అని చెప్పి, రెసిడెంట్ దగ్గర కూర్చుని, కాళ్ళ కింద దిండు పెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇంకో హాల్ (వార్డు) నుంచి మనిషి వచ్చేదాకా ఆగింది. రెసిడెంట్‌కి కోపం వచ్చింది. నర్సుకీ వచ్చింది. ఆ సాయంత్రం కంప్లైంట్ నా దగ్గరికి చేరింది.

అమ్మాయి చేసింది సరైన పని. కానీ పదహారేళ్ళ పిల్ల ఒక లైసెన్స్డ్ నర్సుకి కాదని చెప్పాల్సిన పరిస్థితి రానివ్వడం ఫెసిలిటీ తప్పు. పిల్లలకి ధైర్యం నేర్పితే సరిపోతుందని డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ రూలు పాటించాల్సింది యజమాని, పిల్ల కాదు. ఆ వారమే అసైన్‌మెంట్ షీట్ మార్చాం. 18 లోపు సీఎన్ఏ పేరు పక్కన గుర్తు, ఎదురుగా ఆ రోజు లిఫ్ట్ పార్ట్‌నర్ ఎవరో పేరు. ఆ పార్ట్‌నర్ లంచ్‌కి వెళ్తే ఛార్జ్ నర్సే పార్ట్‌నర్. బయటి నుంచి వచ్చిన నర్సుకి రిపోర్ట్ ఇచ్చేటప్పుడు ఈ విషయం నోటితో చెప్పాలి. ఒకే హాల్లో ఇద్దరు మైనర్లను వేయకూడదు, ఇద్దరు కలిసినా ఒక లిఫ్ట్ టీమ్ కాదు.

ఇక్కడ ఇంకో లెక్క ఉంది. కాలిఫోర్నియాలో ఒక్కో రెసిడెంట్‌కి రోజుకి 3.5 గంటల డైరెక్ట్ కేర్ ఉండాలి, అందులో 2.4 గంటలు సీఎన్ఏలవి. ఆ లెక్కలో పదహారేళ్ళ సీఎన్ఏ గంట, నలభై ఏళ్ళ సీఎన్ఏ గంట ఒకటే. కాగితం మీద స్టాఫింగ్ సరిపోయినట్టే కనిపిస్తుంది. హాల్లో లిఫ్ట్ అవసరమైన రెసిడెంట్లు ఎక్కువ ఉంటే మాత్రం ఆ పూట ఒక మనిషి తక్కువ ఉన్నట్టే. అందుకే మైనర్లను లిఫ్టులు తక్కువ పడే హాల్‌కి వేస్తాం.

వాళ్ళమ్మ అడిగింది

పర్మిట్ ఫారం మీద సంతకం పెట్టే ముందు వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. "అక్కా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మగవాళ్ళకి కూడా స్నానం చేయించాలా?"

చేయించాలి. కోర్సులో నేర్పుతారు, పరీక్షలో అడుగుతారు. చట్టం ఎక్కడా వద్దనలేదు. అలాగే చెప్పాను. కానీ ఆమె భయం న్యాయమైనదే. డిమెన్షియా ఉన్న కొందరు రెసిడెంట్లు ఎక్కడపడితే అక్కడ చేతులు వేస్తారు, బూతులు మాట్లాడతారు. ఆ మనిషి తప్పు కాదది, జబ్బు. అయినా పదహారేళ్ళ పిల్ల ఒంటరిగా దాన్ని ఎదుర్కోనక్కర్లేదు. అలాంటి ప్రవర్తన కేర్ ప్లాన్‌లో రాసి ఉన్న రెసిడెంట్లను 18 లోపు సీఎన్ఏలకు ఇవ్వం. మిగతా మగ రెసిడెంట్ల స్నానానికి మొదటి మూడు నెలలు ఇద్దరుగా వెళ్తారు. ఇది చట్టంలో లేదు, మా ఫెసిలిటీ పెట్టుకున్న పద్ధతి. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలో ఓరియంటేషన్‌లో పేరుతో సహా చెప్తాం. వాళ్ళమ్మకి ఇదంతా వివరించాను. "మా వాళ్ళకి ఎవరికీ చెప్పలేదక్కా, డైపర్లు మార్చే పనా అంటారని" అంది చివర్లో. నేను గుంటూరులో స్టూడెంట్ నర్సుగా ఉన్నప్పుడు మా మేనత్త కూడా అదే అంది. ఆమె చివరి రోజుల్లో ఆ పని చేసిన అమ్మాయిని చేతులెత్తి దీవించింది కూడా ఆమే.

వయసు తగ్గించని బాధ్యత ఒకటుంది. ఇక్కడ నర్సింగ్ హోంలో పని చేసే ప్రతి ఒక్కరూ మాండేటెడ్ రిపోర్టర్. రెసిడెంట్‌ని ఎవరైనా కొట్టినా, డబ్బు కాజేసినా, పట్టించుకోకుండా వదిలేసినా, చూసినవాళ్ళే రిపోర్ట్ చేయాలి. సూపర్‌వైజర్‌కి చెప్పాను కదా అంటే కుదరదు. పదహారేళ్ళ సీఎన్ఏకీ అంతే. ఎస్ఓసీ 341 అనే ఆ ఫారం నింపడం పిల్లలకి నేను రెండుసార్లు చేయించి చూస్తాను. తనకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దయిన తోటి ఉద్యోగి మీద రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఈ వయసు పిల్లల వల్ల ఇబ్బందులే అనుకునేరు. స్ట్రోక్ వచ్చిన ఒక పెద్దాయన బరువు తగ్గుతున్నాడు, ఆకలి లేదని చార్టులో రాస్తున్నారు. అమ్మాయి రెండో శనివారం వచ్చి, "ఆయన ప్లేట్‌లో కుడి వైపుదే తింటున్నారు, ఎడమ వైపు అలాగే ఉంటోంది" అని స్టాప్ అండ్ వాచ్ ఫారం (రెసిడెంట్‌లో మార్పు కనిపిస్తే నర్సుకి రాసిచ్చేది) రాసిచ్చింది. మెదడు కుడి భాగంలో స్ట్రోక్ వస్తే కొందరికి ఎడమ వైపు ఉన్నదే తెలియదు. ప్లేట్ తిప్పడం మొదలుపెట్టాం, తినడం పెరిగింది. ఈ వయసులో కళ్ళు ఇంకా అలవాటు పడిపోలేదు, అందుకే కనిపించింది.

అదే క్లాసులో రెండో అమ్మాయి

ఈ అమ్మాయి స్నేహితురాలు కూడా అదే కోర్సు, అదే వయసు, ఇంకాస్త ఎక్కువ మార్కులు. ఎనిమిదేళ్ళప్పుడు గుంటూరు నుంచి వచ్చింది, హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీద ఉంది. ఆమె కూడా మాకు అప్లై చేయబోతే నేనే ఆపి వాళ్ళ నాన్నగారితో మాట్లాడాను. హెచ్-4 మీద చదువుకోవచ్చు, జీతానికి పని చేయకూడదు. హెచ్-4 ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, ఆ ఉద్యోగుల్లో కొందరి భార్యకో భర్తకో మాత్రమే, పిల్లలకు లేదు. జీతం లేకుండా చేస్తుంది అన్నారాయన. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేయించుకోవడం కూడా ప్రమాదమే, లాయర్‌ని అడగకుండా ఆ దారిన పోవద్దని చెప్పాను. హాస్పిటల్‌లో ఎప్పుడూ వాలంటీర్లే చేసే పనులు వేరు.

తల్లిదండ్రులకు తెలియని అసలు విషయం ఇంకోటుంది. జీతానికి నర్సింగ్ పని చేయకుండా వరసగా 24 నెలలు గడిస్తే కేంద్ర చట్టం ప్రకారం మళ్ళీ శిక్షణో పరీక్షో కావాలి. కాలిఫోర్నియాలో రెన్యూవల్‌కి కూడా ఆ రెండేళ్ళలో జీతానికి చేసిన పని చూపించాలి. అంటే పదహారేళ్ళకి తెచ్చుకున్న సర్టిఫికెట్ హెచ్-4 పిల్లకి పద్దెనిమిది దాటేసరికి చేజారిపోతుంది. ఆ అమ్మాయి క్లినికల్ నేర్చుకోవడానికే చేస్తానంటే నిక్షేపంగా చేయొచ్చు, ఆ 100 గంటలు ఎక్కడికీ పోవు. ఉద్యోగం కోసమైతే పని చేసే అనుమతి చేతికొచ్చే సమయం చూసుకుని చేయడం మేలు. ఆమె కోర్సు పూర్తి చేసింది, పరీక్ష రాయడం ఆపుకుంది.

తర్వాత

మొదటి అమ్మాయి 17 ఏళ్ళకే హైస్కూల్ పూర్తి చేసింది. కాలిఫోర్నియాలో హైస్కూల్ గ్రాడ్యుయేట్ అయితే 18 నిండకపోయినా పర్మిట్ అక్కర్లేదు, పెద్దవాళ్ళతో సమానంగా ఏ గంటల్లోనైనా పని చేయొచ్చు. జూన్‌లో షెడ్యూలర్ వెంటనే మధ్యాహ్నం షిఫ్టులు వేసేసింది. అది సరే. కానీ లిఫ్ట్ నిబంధన కేంద్రానిది, దానికి డిప్లొమాతో పని లేదు. పుట్టినరోజు సెప్టెంబర్‌లో. ఆ మూడు నెలలు పేరు పక్కన గుర్తు అలాగే ఉంచాం. 18 నిండాక హోయర్ స్కిల్స్ చెక్ మళ్ళీ మొదటి నుంచి చేయించి, అప్పుడు తీసేశాం. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్‌కి ముందు సబ్జెక్టులు చదువుతోంది, వారాంతాల్లో మా దగ్గరే చేస్తోంది.

వచ్చే వేసవికి ఆర్ఓపీ నుంచి ఇంకొందరు పదహారేళ్ళవాళ్ళు వస్తున్నారు. మింగడం కష్టమైన రెసిడెంట్లకు తినిపించే పని కూడా 18 లోపువాళ్ళకు వద్దని డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ అంటున్నారు. చట్టం అలా అనలేదు. నా లెక్కలో అది వయసుతో కాదు, చూసి తేల్చాల్సిన నైపుణ్యం. స్పీచ్ థెరపిస్ట్ పక్కన నిలబడి ఒక భోజనం మొత్తం చూసి సంతకం పెడితే, పదహారేళ్ళ సీఎన్ఏ అయినా తినిపించొచ్చు. సంతకం లేకపోతే పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా తినిపించకూడదు. ఈ పాలసీ డ్రాఫ్ట్ రాసి థెరపీ డిపార్ట్‌మెంట్‌కి పంపాను.